విప్పేవాడికీ వాటా ఉండాలి

తెలుగులో ఒక పాత చాటు పద్యం ఉంది. సీసం. వరసపెట్టి ఎనిమిది ప్రశ్నలు అడుగుతుంది. వాటిలో ఆరు ఇవి:

రాముడెవ్వాని తోడ రావణు మర్దించె?
వెలయ నిమ్మపండు విత్తునేది?
అల రంభ కొప్పులో నలరు పూదండేది?
సభవారి నవ్వించు జాణ యెవడు?
సీత పెండ్లికి నోలి చేసిన విల్లేది?
శ్రీకృష్ణుడే యింట చెలగుచుండు?

ఇక్కడితో ఆగిపోతే ఇది మామూలు పురాణాల క్విజ్. రాముడు వానరులతో కలిసి రావణుణ్ణి చంపాడు, అయిపోయింది. అసలు మెలిక కింద ఎత్తుగీతిలో ఉంది. నేను విన్న పాఠం ఇలా నడుస్తుంది:

అన్నిటికి జూడ నైదేసి యక్షరములు
ఈవ లావల జూచిన నేకవిధము
చెప్పగలిగిన నేనిత్తు చిన్ని మాడ
చెప్పలేకున్న నగుదును చిన్ని నగవు

ప్రతి జవాబుకీ ఐదే అక్షరాలుండాలి. ఇటు నుంచి చదివినా అటు నుంచి చదివినా ఒకటే కావాలి. ఈ షరతు తెలియగానే ప్రశ్నలన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. వానరులతో అంటే కుదరదు. కోతులతో అన్నా కుదరదు. కోతికి ఉండేదేమిటి? తోక. గుంపుగా ఉంటే? మూక. తోకమూకతో! తో, క, మూ, క, తో. రంభ కొప్పులో దండ మందారదామం. సభను నవ్వించేవాడు వికటకవి, ఇది అందరికీ తెలిసిందే. సీత పెళ్ళికి ఓలి (కన్యాశుల్కం) అయిన విల్లు శివుడిది, శివుడికి ఐదు ముఖాలు, కాబట్టి పంచాస్యచాపం. నిమ్మ విత్తు, కృష్ణుడి ఇల్లు మాత్రం చెప్పను. నిమ్మకు సంస్కృతంలో ఏమంటారో గుర్తు తెచ్చుకోండి, కృష్ణుణ్ణి పెంచిన తండ్రి పేరు గుర్తు తెచ్చుకోండి, చాలు.

ఈ పద్యం మీద నాకు ఉన్న ప్రేమ అంతా చివరి రెండు పాదాల వల్ల వచ్చింది. చెప్పగలిగితే చిన్ని మాడ, చెప్పలేకపోతే చిన్ని నవ్వు. పందెం ఎంత చిన్నదో చూడండి. గెలిస్తే ఒక చిన్న నాణెం, ఓడితే ఒక చిన్న నవ్వు. ఎవరి పరువూ పోదు, ఎవరూ పండితుడని బిరుదు పొందరు. పద్యం రాసినవాడు తన తెలివి చూపించుకున్నాడు, నిజమే. కానీ సగం పని మన చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. మాటలాటల గురించి నా వాదనంతా ఈ సగం చుట్టూ తిరుగుతుంది. కట్టినవాడికి ఎంత వాటా ఉందో విప్పేవాడికీ అంత వాటా ఉన్నప్పుడే అది ఆట. లేకపోతే ప్రదర్శన.

ప్రదర్శనను తక్కువ చేయడం లేదు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఒక కంద పద్యం ఉంది, అందులో నాలుగు పాదాలూ దేనికది తిప్పి చదివినా అలాగే ఉంటాయి. మొదటి పాదం ‘ధీర శయనీయ శరధీ’. మూడో పాదం ‘సారసవన నవసరసా’. వేలు పెట్టి వెనక నుంచి చదవండి, ఒక్క అక్షరం కూడా పక్కకు జరగదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే విషయం చాలామంది గమనించనిది. మామూలుగా సముద్రం ‘శరధి’, చివర పొట్టి ‘ధి’. మరి మొదట్లో ఉన్న పొడుగు ‘ధీ’తో జత ఎలా కుదిరింది? పద్యమంతా దేవుణ్ణి పిలుస్తున్నట్టు రాశాడు. ఓ సముద్రశయనా అని పిలుస్తున్నాడు కాబట్టి చివర దీర్ఘం సహజంగా వచ్చేసింది. రెండో పాదం ‘మా’తో మొదలై ‘మా’తో, మూడోది ‘సా’తో మొదలై ‘సా’తో, నాలుగోది ‘దా’తో మొదలై ‘దా’తో ముగుస్తాయి. నాలుగుసార్లూ అదే కిటుకు. సంబోధన అనే చిన్న సందులోంచి పద్యం మొత్తాన్ని లాక్కొచ్చాడు మహానుభావుడు.

అయినా సరే, దీన్ని చదివి నోరు తెరుస్తాం తప్ప ఆడం. మన పని చూడటం వరకే. అర్థం కోసం టీకా తాత్పర్యం వెతుక్కోవాలి, టీకా చదివాక కూడా ‘ఆహా’ అంటామే గానీ ‘అరె!’ అనం. మన ఆలంకారికులు ఇలాంటి వాటికి చిత్రకవిత్వం అని పేరు పెట్టి అడుగు మెట్టు మీద కూర్చోబెట్టారు. ఆనందవర్ధనుడు ఇది కావ్యం కాదు, కావ్యానికి అనుకరణ అన్నాడు. మమ్మటుడు ఉత్తమ, మధ్యమ, అధమ అని మూడు మెట్లు కట్టి దీన్ని మూడో మెట్టులో వేశాడు. ధ్వని (మాటల వెనక తోచే అర్థం) లేదు, రసం లేదు, అక్షరాల గారడీ ఒకటే ఉంది అని వాళ్ళ ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో తప్పేమీ లేదు. కాకపోతే వాళ్ళు కొలబద్ద ఒకటే తీసుకొచ్చారు. కవిత్వం కొలిచే బద్దతో ఆటను కొలిస్తే ఆట ఎప్పుడూ పొట్టిగానే కనబడుతుంది. ఆటగా చూస్తే అడగాల్సిన ప్రశ్న వేరు: అవతలివాడికి ఇందులో పని ఉందా? ఈ ప్రశ్నకు ఆ చాటు పద్యం తిమ్మన పద్యం కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. పాండిత్యంలో తిమ్మన కాలిగోటికి సరిపోకపోయినా సరే.

ఇంతకీ ‘అటు నుంచి’ అంటే ఏమిటి? ఇది తేలిగ్గా కనిపించే ప్రశ్న, కానీ తెలుగులో ఆట రుచి అంతా ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో అక్షరాలు విడివిడిగా నిలబడతాయి, వెనక నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ పోవచ్చు. ఆ లిపిలో మలయాళం అన్న మాట రాస్తే అటూ ఇటూ ఒకటే అవుతుందని అందరూ చెప్పుకుంటారు. అదే మాట తెలుగులో రాయండి: మ, ల, యా, ళం. తిప్పితే ళం, యా, ల, మ. గోవిందా. మలయాళ లిపిలో రాసినా అంతే. ఇటు వికటకవి తెలుగులో చక్కగా తిరుగుతాడు, కానీ నోటితో పలికిన శబ్దాలుగా విడగొట్టి తిప్పారనుకోండి, వ్-ఇ-క్-అ-ట్-అ-క్-అ-వ్-ఇ కాస్తా ‘ఇవకటకివ్’ అవుతుంది. మనకు ఆట అక్షరంతో. హల్లు, దాని గుణింతం, దాని వత్తు అన్నీ కలిసి ఒక ముక్క. ఆ ముక్కను విరవకూడదు. కిటికీ కూడా ఈ గుంపులోదే అనుకుంటారు చాలామంది, కానీ చివరి దీర్ఘం వల్ల తప్పిపోయింది. టమాట ఉంది, మళ్ళీ టమాటా అని సాగదీసి రాస్తే లేదు.

కంప్యూటర్‌కి ఈ సంగతి తెలియదు. ఒక మాటను తిప్పి రాయమని రెండు లైన్ల ప్రోగ్రాం రాసి వికటకవిని ఇచ్చి చూడండి. కంప్యూటర్ లెక్కలో ‘వి’ ఒకటి కాదు, రెండు: వ ఒకటి, గుడి ఒకటి. తిప్పేసరికి గుడి ముందుకొచ్చి దిక్కులేకుండా వేలాడుతుంది, వ చివర బోడిగా మిగులుతుంది. వికటకవి పరీక్ష తప్పాడని మెషీన్ తేల్చేస్తుంది. కనక, జలజ, సరస లాంటి గుణింతాలు లేని మాటలు మాత్రం పాసవుతాయి. అక్షరం అంటే ఏమిటో దానికి విడిగా నేర్పాలి. ఒకటో తరగతి పిల్లలకు పలక మీద వచ్చేసే జ్ఞానం అది.

ఇప్పుడు రెండో వైపు. ఆట రూలు మార్చి, అక్షరాలు వదిలేసి, శబ్దాలతో ఆడదాం. అమ్మ. అ-మ్-మ్-అ. వెనక నుంచి? అ-మ్-మ్-అ. అక్క? అన్న? అత్త? అవ్వ? అయ్య? అన్నీ అంతే! ఇంతమంది చుట్టాలు బారులు తీరి అటూ ఇటూ ఒకేలా నిలబడ్డారు. నాన్న మాత్రం ఈ గ్రూప్ ఫొటోలో లేడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు అంటే అతిశయోక్తి, కానీ ఆ సాయంత్రం మరో పని చేయలేదు. కాసేపు ఆలోచిస్తే కారణం దొరుకుతుంది. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే అజంత భాష అంటారు. అచ్చుతో ముగిసే మాట శబ్దాల్లో తిరగాలంటే అచ్చుతోనే మొదలవ్వాలి. అక్షరాల ఆటలో దీనికి పూర్తిగా ఎదురు. అచ్చు అక్షరం మాట మొదట్లో తప్ప చివర నిలబడదు, కాబట్టి అడవి, ఇసుక, ఉడుత లాంటివి ఎప్పటికీ తిరగవు. ఒక ఆటలో నెగ్గే మాట రెండో ఆటలో ఓడి తీరాలన్నమాట. వికటకవి, అమ్మ ఒకే జట్టులో ఎప్పుడూ ఆడరు. సున్నతో ముగిసే మాటలకు ఇంకో దారి ఉంది, చివరి సున్నను ‘మ్’ అని పలికితే మ-తో మొదలయ్యేవి పనికొస్తాయి. అలా మతం దొరికింది, దాని పక్కనే మదం దొరికింది. ఈ రెండూ పక్కపక్కన దొరకడం నా ప్రమేయం లేకుండా జరిగిపోయింది, నన్నేమీ అనొద్దు.

ఇవేవీ నేను ఎక్కడా చదివి నేర్చుకోలేదు. ఆడితే తెలిశాయి. వ్యాకరణం పుస్తకంలో ‘తెలుగు అజంత భాష’ అన్న వాక్యం పరీక్ష కోసం చదివినప్పుడు అదొక బిట్టు ప్రశ్న. ‘ఉడుత ఎందుకు తిరగదు’ అని బుర్ర గోక్కున్నప్పుడు అదే వాక్యం ఒళ్ళు విరుచుకుని లేచి కూర్చుంది.

అక్షరాల తారుమారు ఆట మనవాళ్ళు తక్కువ ఆడారని ఒక అభిప్రాయం ఉంది. ఇంగ్లీషులోలాగా పొడుగు మాటలను కలిపి కొత్త మాటలు అల్లడం మనకు కష్టం, నిజమే. ‘స్త్రీ’ లాంటి బండరాయిని ఎక్కడని ఇరికిస్తాం? కానీ మూడు అక్షరాల మాటల్లో మన భాష మహా గడుసుది. గడప తిప్పండి: పడగ. అవే మూడు అక్షరాలు ఇంకోలా పేర్చండి: పగడ. పడక తిప్పితే కడప. కలప తిప్పితే పలక, చెక్కను కోసి పలక చేసినట్టు. సరకు తిప్పితే కురస. తల తిప్పితే లత. ఇక జతలు జతలుగా పెడితే అవే వాక్యాలైపోతాయి. ‘గడప పడగ’ అటూ ఇటూ ఒకటే, పైగా చదవగానే కాలు వెనక్కి తీస్తాం. ‘సరకు కురస’ కిరాణా కొట్టు మీద కంప్లయింట్‌లా ఉంది. ‘తల కలత’ టెన్షన్‌కి తెలుగు.

నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన వాక్యం ఇది: ‘రమ నటన మర’. ర, మ, న, ట, న, మ, ర. రమ అనే హీరోయిన్ యాక్టింగ్ మరబొమ్మలా ఉంది అని ఏడక్షరాల్లో సినిమా రివ్యూ. దీన్ని కట్టడం వెనక గొప్ప తెలివేమీ లేదు. రమ తిప్పితే మర అని తెలిశాక మధ్యలో తనంతట తాను తిరిగే మాట ఏదైనా పెట్టొచ్చు. నర్తన పెట్టండి, డాన్సు కూడా బాగోలేదని తెలుస్తుంది. కులుకు పెట్టండి. మడమ పెడితే అర్థం చెడుతుంది గానీ నవ్వొస్తుంది. మధ్య గది ఖాళీగా ఉంది, ఎవరొచ్చి ఏం పెట్టినా తలుపులు రెండు వైపులా ఒకేలా మూసుకుంటాయి. అవతలివాడికి వాటా అని నేనంటున్నది దీన్నే. నా వాక్యం చూసి మీకు మీ వాక్యం తట్టాలి.

తారుమారు ఆట మనకు కొత్తేమీ కాదనడానికి వాల్మీకి కథ ఒకటి చాలు. రామ అనలేని బోయవాడు మరా మరా అంటూ పోతే అదే రామ రామ అయింది. ఇంకాస్త లోపలికి వెళితే భాషే ఈ ఆట ఆడిందని తెలుస్తుంది. తమిళంలో రెండును ఇరండు అంటారు, రోలును ఉరల్ అంటారు, వాడును అవన్ అంటారు. ద్రావిడ భాషల మూలంలో ముందున్న అచ్చును తెలుగు వెనక్కి నెట్టి, లోపలున్న హల్లును ముందుకు లాక్కుంది. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. మనం రోజూ ‘రెండు టీ’ అని ఆర్డరిచ్చిన ప్రతిసారీ ఎప్పుడో ఎవరి నాలుకో తారుమారు చేసిన మాటే వాడుతున్నాం.

అయితే తారుమారుకు ఒక చీకటి కోణం ఉంది, విప్పేవాడికి వాటా ఇవ్వకుండా తాళం వేసుకోవడం. 1610లో గెలీలియో శని గ్రహం చూశాడు, దాని పక్కన రెండు బుడిపెలు ఉన్నట్టు కనిపించింది. ఆ సంగతి బయటపెడితే వేరేవాళ్ళు ముందు చూశామంటారని భయం, పెట్టకపోతే తానే ముందు చూశానని రుజువు ఉండదు. అందుకని లాటిన్‌లో ఒక వాక్యం రాసి, దానిలోని 37 అక్షరాలను కలగాపులగం చేసి ఉత్తరాల్లో పంపాడు. అది ఖగోళ శాస్త్రజ్ఞుడు కెప్లర్ చేతికి చిక్కింది. కెప్లర్ ఊరుకునే రకం కాదు, కిందా మీదా పడి విప్పాడు. విప్పితే వచ్చిన అర్థం: అంగారకుడికి రెండు చంద్రులున్నాయి. పూర్తిగా తప్పు, గెలీలియో చెప్పింది శని గురించి. చిత్రం ఏమిటంటే అంగారకుడికి నిజంగానే రెండు చంద్రులున్నాయి, 1877లో ఏసఫ్ హాల్ వాటిని కనిపెట్టాడు. తప్పు జవాబు నిజమై కూర్చుంది! ఈ కథను చెప్పుకుని నవ్వుకోవడం బాగుంటుంది కానీ ఆటగా గెలీలియోది మోసం. ఎవరూ విప్పకూడదని కట్టిన ముడి అది. పైగా 37 అక్షరాలను ఒకటికంటే ఎక్కువ రకాలుగా పేర్చొచ్చని కెప్లరే రుజువు చేశాడు కదా. జవాబు ఒక్కటే అని హామీ లేని ప్రశ్నలో విప్పేవాడికి న్యాయం జరగదు.

దీనికి పూర్తి ఎదురు మన అవధానంలో వ్యస్తాక్షరి. ఒక వాక్యంలో అక్షరాలను పృచ్ఛకుడు వరస తప్పించి, మధ్యమధ్యలో, అవధాని వేరే పద్యం మధ్యలో ఉండగా విసురుతుంటాడు. ఏడో అక్షరం ఇది, రెండో అక్షరం అది అని. అవధాని చివర్లో మొత్తం వాక్యం చెప్పాలి. అక్షరంతో పాటు నంబరు ఇస్తున్నాడు చూడండి, అక్కడ ఉంది న్యాయం. కష్టం ఎంతైనా పెట్టు, కానీ జవాబు ఒకటే ఉండాలి, దానికి చేరే దారి ఉండాలి. పత్రికల్లో గళ్ళ నుడికట్టు కట్టేవాళ్ళు కూడా ఇదే మర్యాద పాటిస్తారు. ఆధారంలో ‘తడబడింది’ అనో ‘చెదిరింది’ అనో ఉంటే అక్షరాలు కలగలిశాయని, ‘వెనుదిరిగింది’ అని ఉంటే తిప్పి రాయాలని అర్థం. ‘నిద్రపోయే చోటు వెనుదిరిగితే సీమలో ఊరు’ అంటే మీరిప్పుడు పెన్ను తియ్యకుండానే నింపేస్తారు.

ఇక పొడుపు కథలు. తిప్పి చదివే ఆట, తారుమారు ఆట, పొడుపు కథలు, ఈ మూడింటిలో నా ఓటు పొడుపు కథలకే. చదువు అక్కర్లేదు, లిపి అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. ‘నూరుగురు అన్నదమ్ములకు ఒకటే మొలతాడు.’ చీపురు. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు.’ కనురెప్పలు. ‘గోడ మీద బొమ్మ, గొలుసుల బొమ్మ, వచ్చేపోయేవారికి వడ్డించే బొమ్మ.’ ఇది తేలు. ఆఖరిది మళ్ళీ చదవండి. వడ్డించే అన్న మాటలో ఎంత వెటకారం! పొడుపు కథ అబద్ధం చెప్పకూడదు, కానీ నిజాన్ని మనం ఎదురుచూడని బట్టల్లో నిలబెట్టొచ్చు. తేలు తోకలో గొలుసు కణుపులు ఉన్నాయి, గోడ మీద ఉంటుంది, వచ్చినవాళ్ళకు వడ్డిస్తుంది. అన్నీ నిజాలే. పెళ్ళిలో బంతి మధ్య తిరిగే ఇల్లాలిని ఊహించుకున్నది మనం. మోసపోయింది మన ఊహ వల్ల, వాళ్ళు చెప్పిన మాట వల్ల కాదు. మంచి పొడుపు కథ విన్నాక తిట్టుకునేది మనల్ని మనమే. చెడ్డ పొడుపు కథ విన్నాక చెప్పినవాణ్ణి తిడతాం.

పిడక పొడుపు కథ ఇంకో మెట్టు పైన ఉంటుంది. అమ్మ కడుపున పడ్డాను, అంతా సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనైనాను. ఇది వినేటప్పుడు ఏదో కష్టాల ఆడపిల్ల కథ అనుకుంటాం, గొంతులో ఏదో అడ్డం పడుతుంది, జవాబు తెలిశాక పకపకా నవ్వుతాం. తర్వాత కాసేపటికి ఆ ఆడపిల్ల కథ మళ్ళీ గుర్తొస్తుంది. జవాబు చెప్పేశాక కూడా ప్రశ్న చచ్చిపోలేదు. ఆలంకారికులు ధ్వని కావాలన్నారు కదా, ఇదిగో, పేడలో దొరికింది.

ప్రాణాల మీదికి తెచ్చే పొడుపు కథలూ ఉన్నాయి. గ్రీకు కథలో స్ఫింక్స్ అనే రాక్షసి, మన భారతంలో యక్షుడు. జవాబు చెప్పకుండా నీళ్ళు తాగబోయిన నలుగురు తమ్ముళ్ళు పడిపోయారు, ధర్మరాజు నిలబడి చెప్పాడు. గాలి కంటే వేగమైనది మనసు, గడ్డిపరకల కంటే ఎక్కువ చింతలు. ఈ ప్రశ్నలు బాగుంటాయి, కానీ నాకు వాటిలో ఆట కనిపించదు. అది ఇంటర్వ్యూ. యక్షుడు ఒప్పుకుంటేనే జవాబు సరైనది. తేలు పొడుపులో అలా కాదు, జవాబు తట్టిన క్షణంలోనే అది సరైనదని మనకే తెలిసిపోతుంది, ఇంకొకరు మార్కులు వేయనక్కర్లేదు.

సరిగ్గా ఈ క్షణాన్ని దొంగిలించే పద్ధతి ఒకటుంది. పొడుపు కథలను ప్రశ్న, జవాబు కలిపి అచ్చువేసి పిల్లలతో బట్టీ పట్టించడం. తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుంది, ఏమిటది, ఉత్తరం. పిల్లవాడు గడగడా చెప్పేస్తాడు. ఉత్తరం అంటే ఏమిటో వాడు చూడలేదు. పిట్ట ఎందుకు, తోక ఎందుకు లేదు, ఆమడ అంటే ఎంత, ఏదీ వాడికి అడ్డం పడదు, ఎందుకంటే వాడు విప్పడం లేదు, అప్పజెబుతున్నాడు. మన సంస్కృతి కాపాడుతున్నాం అంటారు పెద్దలు. కాపాడుతున్నది కాయ తొక్కను. పొడుపు కథ బతకాలంటే జవాబు ఇంట్లోనో చేతిలోనో ఉండాలి, వినేవాడు రోజూ చూసేదై ఉండాలి. చీపురు ఇంకా ఉంది, కాబట్టి ఆ నూరుగురు అన్నదమ్ములకు ఢోకా లేదు. ఉత్తరం పొడుపును పెద్దవాళ్ళం మనం దాచుకుందాం, తప్పులేదు. పిల్లలకు వాళ్ళ వస్తువుల మీద కొత్తవి కట్టి ఇవ్వాలి, ఇంకా నయం, వాళ్ళ చేతే కట్టించాలి.

మెదడుకు మంచిదని, మతిమరుపు రాదని ఈ ఆటలను అమ్మేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. నవ్వడం గుండెకు మంచిదని జోకు చెప్పేవాడి పక్కన ఎవరు కూర్చుంటారు?

కొత్త పొడుపు కట్టడం అనుకున్నంత కష్టం కాదు, కానీ చెక్కుకుంటూ పోవాలి. ఉదాహరణకు ఓటీపీ మీద కడదాం. ‘వస్తుంది, ఎవరికీ చెప్పకూడదు’ అంటే చాలదు. రహస్యం కూడా అలాగే వస్తుంది, ప్రేమ కూడా అలాగే వస్తుంది. జవాబు ఒక్కటే కావాలంటే బిగించాలి. అంకెలు ఆరు, కాబట్టి ఆరుగురు. అందరూ ఒకేసారి వస్తారు. కొద్ది నిమిషాలకే పనికిరాకుండా పోతారు. ‘ఆరుగురు అన్నదమ్ములు, అరగంట ఆయుష్షు లేదు, అడిగినవాడికి చెప్పావా, ఇల్లు గుల్ల.’ ఇప్పుడు అకారం వరసగా పడింది, నోటికి తిరుగుతుంది, ఆఖరి మాట బ్యాంకు పంపే హెచ్చరిక కూడా అయింది. అన్నదమ్ములు పాత పొడుపు నుంచి అరువు తెచ్చుకున్నవాళ్ళే. మన పొడుపు కథల్లో అన్నదమ్ములు ఎప్పుడూ గుంపుగానే ఉంటారు, ఎవరికి కావాలన్నా అరువు దొరుకుతారు.

ఇంకొకటి కట్టాను, దీనికి జవాబు రాయడం లేదు. ‘కడుపు నిండితే కిక్కురుమనదు, ఆకలేస్తే ఎర్రబడుతుంది, తోక తగిలిస్తేనే తిండి, తోక తీస్తేనే షికారు.’ మూడో ముక్క దగ్గరే మీకు తట్టేసి ఉంటుంది. తట్టకపోతే దాన్ని పట్టుకునే ఇది చదువుతూ ఉండొచ్చు.